గజ్జలో బిళ్ళ, చెత్తబుట్టలో బిళ్ళ

పదిహేనేళ్ళ కిందటి మాట. గోదావరి జిల్లాలో మా మేనమామగారింట్లో ఉన్నాను. ఉదయం తొమ్మిది గంటలవేళ ఆశా కార్యకర్త ఒకామె భుజాన సంచీ, చేతిలో రిజిస్టరుతో గుమ్మంలో నిలబడింది. "మాస్టారూ, బోదకాలు మాత్రలండీ. ఇంట్లో ఎంతమందున్నారు? పిల్లల వయసెంతండీ? టిఫిను అయిపోయుంటే నా ఎదురుగానే వేసేసుకోండి" అంది. ముప్ఫై ఏళ్ళపాటు కళాశాలలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మావయ్య, "అలాగేనమ్మా, రాత్రి భోజనాలయ్యాక వేసుకుంటాంలే, అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడు. ఆమె కాసేపు తటపటాయించి, తలకింతని లెక్కకట్టి మాత్రలు బల్లమీద పెట్టి, సంతకం తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, మాత్రలన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. "గవర్నమెంటు మందులురా, ఎక్కడ తయారవుతాయో ఏమిటో! అయినా మనకెందుకు బోదకాలు?" అన్నాడు మావయ్య. అదే బల్లమీద ఒక చ్యవనప్రాశ డబ్బా, 'వ్యాధి నిరోధక శక్తిని పెంచును' అని పెద్ద అక్షరాలతో రాసివున్న మరో పొడి డబ్బా, విటమిన్ మాత్రల సీసా వరసగా కొలువు తీరి ఉన్నాయి.

ఆ ఇంట్లోనే, ఆ వసారాలోనే, మా అమ్మమ్మ ఇరవై ఏళ్ళపాటు బోదకాలుతో కూర్చుంది. మావయ్యకు స్వయానా తల్లి ఆమె.

ఆనాడు నేనేమీ అనలేదు. పెద్దవాడు, మేనమామ, పైగా ఆయనింట భోంచేస్తున్నవాణ్ణి. ఆ మౌనం తాలూకు బాకీ ఇన్నాళ్ళకు తీర్చుకుంటున్నాను. మావయ్య ఇప్పుడు లేడు. ఆయన పోయింది వేరే జబ్బుతో. ఆయనను బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. ఆయన బల్లమీది డబ్బాలకూ, ఆయన చెత్తబుట్టలోని మాత్రలకూ మధ్య ఉన్న వైరుధ్యం ఒక్క మనిషిది కాదు, మన చదువుకున్న తెలుగువారందరిదీ. నా తగవు దానితోనే.

మొదటి ముద్దాయి ఒక మాట. 'వ్యాధి నిరోధక శక్తి' అన్నాం మనం. ఇంగ్లీషులో ఆ పదానికి మూలార్థం పన్నుల నుంచి, విధుల నుంచి మినహాయింపు. అందులో 'శక్తి' ఎక్కడా లేదు. దాన్ని తెలుగు చేసిన పెద్దలు సదుద్దేశంతోనే 'శక్తి' చేర్చి ఉంటారు. కానీ శక్తి అనగానే మన మనసులో ఒక బ్యాటరీ బొమ్మ కడుతుంది. శక్తి తగ్గుతుంది, పెరుగుతుంది, నింపుకోవచ్చు, కొనుక్కోవచ్చు. ఇక అమ్మేవాడికి కావలసిందేముంది? సీసాలో పోసి 'శక్తి' అమ్ముతాడు. ఆ పదంలో 'వ్యవస్థ' అనో 'కాపలా' అనో ఉండి ఉంటే, ఊరి కాపలాను సీసాలో పోసి ఎలా అమ్ముతావయ్యా అని ఒక్కడైనా అడిగేవాడు.

ఈ కాపలా ఎక్కడుంటుందని అడిగితే మనలో నూటికి తొంభైమంది 'రక్తంలో' అంటారు. సగం నిజం. రక్తం రహదారి మాత్రమే. ఠాణాలు వేరే ఉన్నాయి, వాటిని కలిపే దారులూ వేరే ఉన్నాయి. వాటిని మన పాఠ్యపుస్తకాలు 'శోషరస వ్యవస్థ' అన్న పేరుతో ఒక పేరాలో ముగిస్తాయి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అంతే. గుండెకు కవిత్వముంది, రక్తానికి సామెతలున్నాయి, కాలేయానికి కూడా తాగుబోతుల కథలున్నాయి. శోషరసానికి ఏమీ లేదు.

అలాగని మన పల్లెలకు ఇది తెలియదనుకోవడం పొరపాటు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే, రెండు రోజులకు 'గజ్జలో బిళ్ళ కట్టింది' అనేది అమ్మమ్మ. చేతికి పుండు పడితే చంకలో బిళ్ళ. గొంతు నొప్పి చేస్తే దవడ కింద బిళ్ళ. ఏ అవయవానికి దెబ్బ తగిలితే ఏ చోట బిళ్ళ కడుతుందో ఆ తరం ఆడవాళ్ళకు నోటికి వచ్చు. పుండు పాదానిదైతే వాపు గజ్జలోకి ఎందుకొచ్చింది? ఆ రెండింటికీ మధ్య కంటికి కనబడని దారి ఏదో ఉండాలి కదా! ఆ దారే శోషరస నాళం. ఆ బిళ్ళే శోషరస గ్రంథి. గ్రంథి అన్నామే గాని అది దేన్నీ స్రవించదు. 'కణుపు' అంటే నయం, చెరకు గడకు కణుపులున్నట్టు ఈ నాళాల వెంట అక్కడక్కడా ఉంటాయి గనుక. మన ఒంట్లో ఇలాంటివి దాదాపు ఆరువందలు.

దారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రక్తం సన్నని కేశనాళికల్లో ప్రవహించేటప్పుడు అందులోని నీరు గోడలగుండా కణజాలంలోకి ఊరుతుంది. రోజుకు సుమారు 20 లీటర్లు ఇలా ఊరుతుందనీ, అందులో ఎక్కువ భాగం తిరిగి రక్తంలోకి పోగా దాదాపు 3 లీటర్లు బయటే మిగులుతుందనీ వైద్య పాఠ్యగ్రంథాల లెక్క. మనిషి ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లు. ఆ 3 లీటర్లను పోగుచేసి తిరిగి రక్తంలో కలిపేవాడు లేకపోతే మనం ఒక రోజులో ఉబ్బిపోతాం. ఆ పని చేసేవే శోషరస నాళాలు. మన పొలాల్లో నీరు పెట్టే కాలువ ఒకటి, మిగులు నీరు పోయే మురుగు కాలువ మరొకటి ఉన్నట్టే. డెల్టా రైతుకు మురుగు కాలువ పూడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పంట కాలువ ఎండినా తట్టుకుంటాడేమో గాని, మురుగు కదలకపోతే చేను కుళ్ళిపోతుంది.

ఈ కాలువలకు గుండెవంటి పంపు లేదు. నాళాల గోడలు తమంతట తాము కొంచెం కొంచెం ముడుచుకుంటాయి. మనం నడిచినప్పుడు పిక్కల కండరాలు నొక్కుతాయి, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లాగుతుంది. నీరు వెనక్కి జారకుండా లోపల కవాటాలున్నాయి. అట్లా మెల్లమెల్లగా పైకెక్కి మెడ మొదట్లో పెద్ద సిరలలో కలుస్తుంది.

శరీరం చేసిన తెలివైన పని ఏమిటంటే, ఈ మురుగు కాలువల మీదే ఠాణాలు కట్టింది. చర్మంలో చొరబడిన సూక్ష్మజీవిని అక్కడి కాపలా కణం ఒకటి పట్టుకుని ముక్కలు చేసి, ఆ ముక్కను భుజాన వేసుకుని శోషరసంలో పడి దగ్గరలోని కణుపుకు చేరుతుంది. కణుపులో లక్షలాది లింఫోసైట్ కణాలు కాచుకుని ఉంటాయి. ఒక్కో కణానికీ ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టే నేర్పు. ఈ ముక్కను గుర్తుపట్టగల కణం లక్షకొకటో, పదిలక్షలకొకటో ఉంటుంది. ఒళ్ళంతా తిరుగుతూ అవి రెండూ ఒకదానికొకటి తారసపడాలంటే జన్మలో జరగదు. అందుకే సంత కావాలి, అందరూ వచ్చిపోయే చోటు ఒకటి కావాలి. ఆ సంతే కణుపు. సరిజోడు కలిసిన మరుక్షణం ఆ లింఫోసైటు వందలుగా, వేలుగా పిల్లలు పెడుతుంది. అప్పుడు కణుపు ఉబ్బుతుంది. అదే బిళ్ళ కట్టడం. నొప్పిపెడుతున్న ఆ బిళ్ళ జబ్బు గుర్తు అనుకుంటాం గాని, అది లోపల పని జరుగుతోందనడానికి గుర్తు. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్న కొందరికి చంకలో బిళ్ళ కట్టి, కంగారుపడి వైద్యుల దగ్గరికి పరుగెత్తారు. భుజానికి వేసిన టీకా తన పాఠాన్ని చంకలోని బడికి చేరవేసిందని ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే అంత కంగారు ఉండేది కాదు.

మిగిలిన ఠాణాలను క్లుప్తంగా చెబుతాను. ప్లీహం కడుపుకు ఎడమ పక్కన, పక్కటెముకల చాటున ఉంటుంది. శోషరసాన్ని కాదు, నేరుగా రక్తాన్నే వడబోస్తుంది. ప్రమాదంలో ప్లీహం చితికి తీసివేయవలసి వచ్చినవారు బతుకుతారు, కానీ కొన్ని రకాల బాక్టీరియా వారిని గంటలలో పడగొట్టగలదు. అందుకే వారికి ప్రత్యేకంగా టీకాలు వేయిస్తారు. టాన్సిల్స్ గొంతు వాకిట నిలబడిన ద్వారపాలకులు. పేగు గోడలలోనూ ఇలాంటి చిన్న ఠాణాలున్నాయి. ఎముకల మూలుగ లింఫోసైట్ల పుట్టిల్లు.

అన్నిటికంటే విచిత్రమైనది ఛాతీ ఎముక వెనుక ఉండే థైమస్. పెద్దయ్యేకొద్దీ కుంచించుకుపోతుంది కనుక పనికిరానిదని వైద్యులే చాలాకాలం అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు దాన్ని తీసివేస్తే అవి కాపలా లేని ఊళ్ళలా రోగాలకు బలైపోవడం చూపించాడు. థైమస్ ఒక గురుకులం. అక్కడ చేరిన కణాలలో నూటికి తొంభై అయిదుకు పైగా ఉత్తీర్ణం కావు, నశింపజేయబడతాయి. ఎందుకని? కొన్నిటికి ఏదీ పట్టుకునే నేర్పు లేదు. మరికొన్ని సొంత శరీరాన్నే శత్రువనుకుంటాయి. అటువంటివాటిని బయటికి పంపడంకన్నా అక్కడే అంతమొందించడం మేలని ప్రకృతి నిర్ణయం.

'శక్తిని పెంచుతాం' అనే వ్యాపారులు ఆగి సమాధానం చెప్పవలసింది ఇక్కడే. అయ్యా, ఏ శక్తిని పెంచుతారు? నూటికి తొంభై అయిదు కణాలను శరీరమే పనిగట్టుకుని తుంచివేస్తోంటే, మీరు దేన్ని ఎక్కువ చేస్తామంటున్నారు? కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయిన మనిషికి నిరోధక శక్తి తక్కువైందా? లేదు, అది దారితప్పి తన కీళ్ళమీదే పడింది. పుప్పొడికి తుమ్ములతో సతమతమయ్యేవాడికి శక్తి తక్కువైందా? అనవసరమైన చోట ఎక్కువైంది. 2020లో కోవిడ్ ముదిరి ఆక్సిజన్ మీద ఉన్న రోగులలో మరణాలను తగ్గించిందని మొట్టమొదట గట్టిగా రుజువైన మందు డెక్సామెథాసోన్. అది నిరోధక వ్యవస్థ విజృంభణను అణిచే మందు! ఒకవైపు ఆసుపత్రిలో ఆ విజృంభణను అణిచి ప్రాణాలు కాపాడుతుంటే, మరోవైపు వీధిలో అదే 'శక్తి'ని పెంచుతామంటూ మిఠాయిలు, రొట్టెలు, చీరలు కూడా అమ్మారు. నవ్వాలో ఏడవాలో తెలియని కాలం అది.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. తిండి లేని బిడ్డకు థైమస్ కృశిస్తుంది. మాంసకృత్తులు, జింకు, విటమిన్లు కొరవడితే కాపలా దెబ్బతింటుంది. నిద్ర, నడక, కడుపునిండా కూడు, వీటి విలువ కాదనేవాణ్ణి కాను. అల్లం, మిరియాల కషాయం గొంతుకు హాయి, నేనూ తాగుతాను. కొరత ఉన్నచోట పూడ్చడం వైద్యమే. కొరత లేనిచోట పోయడం వ్యాపారం. ఆ పొడి డబ్బాలు కొనగలిగిన ఇళ్ళలో కొరత లేదు. కొరత ఉన్న ఇళ్ళు ఆ డబ్బాలు కొనలేవు. ఇంతకంటే చెప్పవలసిందేమీ లేదు.

ఇక అమ్మమ్మ కాలి దగ్గరికి వస్తాను. ఈ వ్యవస్థ విలువ ఏమిటో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ కాలు చెప్పింది.

బోదవ్యాధి కలిగించే పురుగు సన్నని దారంలా ఉంటుంది. ఆడది ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు. అది కాపురం పెట్టేది సరిగ్గా శోషరస నాళాలలోనే. దొంగ వచ్చి ఠాణాకు పోయే దారిలోనే ఇల్లు కట్టుకున్నట్టు! ఆరు నుంచి ఎనిమిదేళ్ళు అక్కడ బతికి, లక్షలాది సూక్ష్మ పిల్లలను రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు పగలంతా లోపలి అవయవాల్లో దాగి, రాత్రి పది దాటాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ అది. అందుకే ఈ జబ్బుకు రక్తపరీక్ష అర్ధరాత్రి చేస్తారు. దోమ ద్వారా మలేరియా వస్తుందని సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ 1897లో కనుక్కున్నాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1877లో, చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ ఈ బోదపురుగు పిల్లలు దోమ కడుపులో పెరగడం చూశాడు. రాస్‌ను దోమలవైపు మళ్ళించినవాడు ఆ మాన్సనే.

ఈ పురుగు అంత దీర్ఘకాలం ఎలా బతుకుతోంది? కాపలాదారులు నిద్రపోతున్నారా? లేదు. అది వారిని మచ్చిక చేసుకుంటుంది. దాని స్రావాల ప్రభావంతో నిరోధక కణాలు దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. అందుకే పురుగు ఉన్నవారిలో అత్యధికులకు పైకి ఏమీ తెలియదు. చిన్ననాడు ప్రవేశించిన పురుగు తాలూకు వాపు నడివయసులో బయటపడవచ్చు. ఈ లోపల నాళాలు వెడల్పై, కవాటాలు మూతపడక, నీరు నిలిచిపోతుంది. చచ్చిన పురుగు చుట్టూ వాపు వచ్చి దారి మరింత పూడుతుంది. మగవారిలో అది వరిబీజమై, చెప్పుకోలేని నరకమవుతుంది.

కాలు లావెక్కడం ఒక్కటే అయితే అమ్మమ్మ భరించేది. ఆమెను తినేసింది బోదజ్వరం. రెండు మూడు నెలలకొకసారి సాయంత్రానికి వణుకు మొదలయ్యేది. గజ్జలో బిళ్ళ, కాలు నిప్పులా ఎర్రబడటం, మూడు దుప్పట్లు కప్పినా ఆగని చలి. ఆ జ్వరాలు పురుగు పనే అని అందరూ అనుకునేవారు. వాటిలో ఎక్కువ భాగం పురుగువి కావని ఇప్పుడు తెలుసు. కాలివేళ్ళ సందున ఒరుసుకున్న చిన్న పగుళ్ళలోంచి మామూలు బాక్టీరియా దూరుతుంది. మీకూ నాకూ అయితే శోషరసం దాన్ని పట్టి కణుపుకు చేర్చి అక్కడే తేల్చేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఆమె కాలిలో దారి పూడింది, కబురు అందదు, నిలవ నీటిలో బాక్టీరియా పండగ చేసుకుంటుంది. ఒక్కో జ్వరం మరికొన్ని నాళాలను కాల్చి, కాలును ఇంకొంత లావు చేసి పోయేది. ఒళ్ళంతా బాగున్న మనిషికి ఒక్క కాలిలో రక్షణ పోతే ఏమవుతుందో చూశాను నేను. ఆమె తినే తిండి ఒళ్ళంతటికీ అందింది, ఆ కాలికీ అందింది. మరి 'శక్తి' ఆ కాలికి ఎందుకు చేరలేదు? దారి లేదు కనుక.

మరో చేదు నిజం. ఆ కాలును రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచి, పగుళ్ళకు మందు రాసి, పడుకున్నప్పుడు ఎత్తున పెట్టి, మడమ ఆడిస్తూ ఉంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. బకెట్టు నీళ్ళు, సబ్బుముక్క, తుండుగుడ్డ, ఇంతే ఖర్చు. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. పైపెచ్చు జ్వరం తగిలిన కాలికి నీళ్ళు తగలకూడదని ఆమె చేత వారాల తరబడి కాలు కడగనివ్వలేదు. అజ్ఞానంతో మేం చేసిన హింస అది. నేనూ అందులో ఉన్నాను. మగ్గుతో నీళ్ళు తెస్తే వద్దని కసిరిన పెద్దల మాట విని వెనక్కి తీసుకెళ్ళిన మనవణ్ణి.

ఇప్పుడు చెత్తబుట్టలోని బిళ్ళ సంగతి. దాని పేరు డైఇథైల్‌కార్బమజీన్, పొట్టిగా డి.ఇ.సి. దాన్ని లోకానికిచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల, 1947లో, హెట్రజాన్ అనే పేరుతో. ఆ పరిశోధనలకు సారథి ఎవరనుకున్నారు? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాళ్ళు చూస్తూ పెరగడానికి ఆ గోదావరి డెల్టా కంటే వేరే చోటు అక్కరలేదు. అన్నదమ్ములను స్ప్రూ వ్యాధి మింగితే వైద్యంవైపు మళ్ళిన మనిషి, ఖద్దరు కట్టినందుకు పూర్తి పట్టా దక్కని మనిషి, ఫోలిక్ ఆమ్లం తయారీకి, మెథోట్రెక్సేట్‌కు మూలపురుషుడైన మనిషి, ఆ మాత్ర వచ్చిన మరుసటి ఏడాదే 1948లో పరాయి దేశంలో కన్నుమూశాడు. ఆయన శతజయంతికి 1995లో ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసింది. నోబెల్ రాలేదని మనం ఏటా వాపోతాం, ఆయన మీద వ్యాసాలు రాస్తాం, సభలు పెడతాం. తపాలాబిళ్ళకు దణ్ణం పెడతాం, మందుబిళ్ళను చెత్తబుట్టలో వేస్తాం. మా మావయ్య సుబ్బారావుగారి మీద పాఠం చెప్పినవాడే. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి అది.

ఆ మాత్ర పనిచేసే తీరు కూడా ముచ్చటైనది. పరీక్షనాళికలో పురుగు పిల్లల మీద పోస్తే అది పెద్దగా ఏమీ చేయదు. శరీరంలో మాత్రం నిమిషాలలో వాటిని మాయం చేయడం మొదలుపెడుతుంది. కారణం, అది సొంతంగా చంపడం కన్నా, ముసుగు తొలగించి మన కాపలా కణాలకే వాటిని పట్టిస్తుంది. అంటే మావయ్య బల్లమీదున్న వస్తువులన్నిటిలోకీ నిరోధక వ్యవస్థతో నిజంగా చేయి కలిపేది ఆ చెత్తబుట్టలోకి వెళ్ళినదొక్కటే!

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, 'నాకు జబ్బు లేదు, నేనెందుకు మింగాలి?' జబ్బు లేదని మీకెలా తెలుసు? అర్ధరాత్రి పరీక్ష చేయించుకున్నారా? ఈ పురుగు ఏళ్ళ తరబడి ఏ గుర్తూ చూపదని పైన చెప్పాను. పైగా మీ రక్తంలోని పిల్లలు మీ ఒక్కరి ఆస్తి కావు. దోమ వాటిని మీ పనిమనిషి కొడుక్కి పంచుతుంది. ఊరందరూ ఏడాదికొకసారి, వరసగా అయిదేళ్ళకు తక్కువ కాకుండా మింగితే, పెద్ద పురుగు ముసలిదై చచ్చేలోపు దాని సంతానం దోమకు అందదు. గొలుసు తెగుతుంది. సగం మంది పారేస్తే తెగదు.

రెండవది, 'మింగితే జ్వరం, తలనొప్పి వస్తున్నాయట.' వస్తాయి, కొందరికి. ఎక్కువగా ఒంట్లో పురుగు ఉన్నవారికే. చచ్చిన పురుగు పిల్లల మీద శరీరం చూపే ఆగ్రహం అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అంటే ఆ జ్వరం మీకు మాత్ర అవసరమేనని చెప్పిన సాక్ష్యం. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు, పరగడుపున వేసుకోరాదు. ఇంతకు మించి రహస్యమేమీ లేదు.

మూడవది, 'ప్రభుత్వం సరిగ్గా చేస్తోందా?' ఈ అభ్యంతరానికి మాత్రం నేను తలవంచుతాను. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2002 జాతీయ ఆరోగ్య విధానం 2015 నాటికి బోదవ్యాధిని నిర్మూలిస్తామంది. 2004 నుంచి ఊరూరా మాత్రలు పంచుతున్నారు. 2015 వెళ్ళిపోయింది, ఇప్పుడు గడువు 2027. ఈ లోపల చైనా మందు కలిపిన ఉప్పు తినిపించి 2007 నాటికి, శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ పీడ వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పంచిన మాత్రలను మింగిన మాత్రలుగా రాసుకునే రిజిస్టరు ఉన్నంతకాలం గడువులు జరుగుతూనే ఉంటాయి. అరకొర ప్రతిఫలంతో ఎండలో తిరిగే ఆశా కార్యకర్తకు 'ఎదురుగానే మింగండి' అని ఒక పెద్దమనిషిని నిలదీసే అధికారం మనం ఇచ్చామా? మురుగు కాలువలు మూసిందెవరు? 2018లో తెలంగాణలో బోదకాలు బాధితులకు పింఛను ఇవ్వడం మొదలైంది; మంచిదే, ఆ కాళ్ళకు ఒక గుర్తింపు దొరికింది. అయితే పింఛను అప్పటికే పూడిపోయిన దారులకు ఇచ్చే పరిహారం. రేపటి కాలును కాపాడేది మాత్రే.

చివరి ముద్దాయి మనం, రాసేవాళ్ళం. మార్పిడి పదాల మీద రోజుల తరబడి కొట్లాడుకున్న వాళ్ళం. ఏ యంత్రానికి ఏ తెలుగు పేరు పెట్టాలని తలలు పగలగొట్టుకున్నాం. మన సొంత ఒంట్లోని మూడు లీటర్ల నీటికి జనం నోట నిలిచే పేరు ఒకటి ఇవ్వలేకపోయాం. 'శోషరసం' అంటే విద్యార్థికి శోష వస్తుంది తప్ప అర్థం రాదు. అమ్మమ్మల దగ్గర 'బిళ్ళ కట్టడం' అనే మాట సిద్ధంగా ఉంది. అందులో కార్యమూ ఉంది, కారణమూ ఉంది, ఏ అవయవానికి ఏ ఠాణా అన్న పటమూ ఉంది. దాన్ని పాఠంలోకి తెచ్చుకోకుండా, మనం 'శక్తి'ని తెచ్చి వ్యాపారి చేతిలో పెట్టాం. పరిభాష పొరపాటైతే పుస్తకం చెడుతుందనుకుంటాం. ఇక్కడ కాళ్ళు చెడ్డాయి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మీ ఊళ్ళో మాత్రలు పంచే రోజు వస్తే, ఇంత తిని, ఆమె ఎదురుగానే మింగండి. మీరు మింగడం చూస్తే వీధి మింగుతుంది. బోదకాలు ఉన్న మనిషి తెలిసినవారైతే, జాలి మాటలకు బదులు కాలు కడుక్కునే పద్ధతి చెప్పండి. 'ఇమ్యూనిటీ' అని రాసి ఉన్న డబ్బా కొనేముందు, ఇది నా ఒంట్లో ఏ దారిన పోయి ఏ ఠాణాలో ఏం చేస్తుందని ఒక్క ప్రశ్న వేయండి. ఈ టపాతో విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించవచ్చు, మాత్ర మింగాక.

పోయేముందు సంవత్సరం అమ్మమ్మ నన్ను దగ్గరకు పిలిచి, "నాయనా, ఈ కాలు కూడా నా ఒంట్లోదేరా, మరి దీనికొక్కదానికీ ఎందుకిలా అయింది?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. వినడానికి ఆమె లేదు.